పొలంలో సర్వే రాయి పడిందా? గుంటూరు, విజయవాడ వైపు భూసేకరణలో ఏ కాగితం ఎప్పుడు చూసుకోవాలి

మన పాత గుంటూరు, కృష్ణా జిల్లాల చుట్టూ ఇప్పుడు ఏదో ఒక లైను గీయని ఊరు తక్కువ. వెస్ట్ బైపాస్ చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దాకా వచ్చింది, ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల రైల్వే లైనుకి 2024 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది, ఔటర్ రింగ్ రోడ్డు దాదాపు 190 కిలోమీటర్లు గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు ఐదు జిల్లాల్లో తిరుగుద్ది. ఇవన్నీ ఎవరో ఒకళ్ల పొలం మీద నుంచే పోవాలి కదా.

ఊళ్లో రాళ్లు పడగానే రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర ఒకటే మాట, ఎకరానికి ఎంత ఇస్తారంట. రేటు ముఖ్యమే, కాదనను. కానీ నేను దగ్గరుండి చూసిన కేసుల్లో జనం ఎక్కువ నష్టపోయింది రేటు దగ్గర కాదు, రికార్డులో పేరు లేక, కొలతల రోజు పొలంలో లేక, గడువు దాటిపోయి. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

ముందు ఏ చట్టం కిందో చూడండి

నోటీసు చేతికి రాగానే రేటు కోసం వెతక్కండి, పైన ఏ చట్టం రాశారో చూడండి. ఎందుకంటే గడువులన్నీ దాన్ని బట్టే మారతాయి.

నేషనల్ హైవే అయితే 1956 హైవేల చట్టం. అందులో 3ఎ నోటిఫికేషన్ అంటే ఈ సర్వే నంబర్లు కావాలి అని చెప్పడం, ఆ గెజిట్ తేదీ నుంచి 21 రోజుల్లో 3సి కింద అభ్యంతరం రాసివ్వాలి. పేపర్లో మనం చూసేసరికే అందులో కొన్ని రోజులు పోయి ఉంటాయి కాబట్టి చూసిన రోజే కదలాలి. తర్వాత 3డి వస్తది, 3డి గెజిట్‌లో పడిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోయినట్టే, ఆ తర్వాత మాట్లాడుకోవడానికి మిగిలేది డబ్బు ఒక్కటే. చాలామంది 3డి తర్వాత మేలుకుని అలైన్‌మెంట్ మార్చండి అని కలెక్టరేట్ చుట్టూ తిరుగుతుంటారు, పాపం, అప్పటికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటది.

రాష్ట్ర ప్రభుత్వం రోడ్డుకో, కాలవకో, ఇంకో అవసరానికో తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్, దాని మీద అభ్యంతరాలకి సెక్షన్ 15 కింద 60 రోజులు, తర్వాత సెక్షన్ 19 డిక్లరేషన్, ఆ తర్వాత 12 నెలల్లో అవార్డు, అంటే ఎవరికెంత పరిహారమో తేల్చి కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వు. అసలు చట్టం ప్రకారం వీటన్నిటికంటే ముందు సామాజిక ప్రభావ అంచనా అనే సర్వే ఉండాలి, అంటే ఈ ప్రాజెక్టు వల్ల ఊరికేమవుద్ది అని జనాన్ని కూర్చోబెట్టి అడగాలి. మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ మెట్టు మినహాయించే వీలు పెట్టుకుంది. నా వరకు నాకు అది అస్సలు నచ్చలేదు, ఊరి మాట ఊరు చెప్పే చోటు అదొక్కటే. మీ నోటిఫికేషన్‌లో మినహాయింపు గురించి ఏం రాశారో చదవండి, మినహాయించకపోతే గ్రామసభ ఎప్పుడు పెట్టారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి, కలెక్టరేట్లో దానికి ఫీజు పది రూపాయలు.

ఇక మూడోది పూలింగ్. అది సేకరణ కాదు, మన ఇష్టంతో చేసుకునే ఒప్పందం. దాని సంగతి కింద విడిగా చెప్తా.

రికార్డు

ఇది నోటీసు రాకముందే చేసుకోవాల్సిన పని. 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పేది), అడంగల్ (సాగు ఎవరు చేస్తున్నారో చెప్పేది) తీయించి పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు మన దస్తావేజుతో కలుస్తున్నాయా చూడండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు, పాత సర్వే నంబరు రెండూ రాసి పెట్టుకోండి, దస్తావేజులో పాతది, నోటిఫికేషన్‌లో కొత్తది ఉండి ఇది మా పొలమే కాదనుకుని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. ఈసీ, అంటే భూమి మీద అప్పులు, అమ్మకాలు చూపించే సర్టిఫికెట్, తీయించండి. సొసైటీలోనో బ్యాంకులోనో క్రాప్ లోను తీరిపోయినా రికార్డులో అప్పు అలాగే కనపడుతుంటే నో డ్యూ తెచ్చుకుని తీయించేయండి.

మన వైపు పెద్ద సమస్య తాతల పేరు మీదే ఉండిపోయిన పొలాలు. నోటి మాటగా పంచుకున్నారు, ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటున్నారు, రికార్డులో మాత్రం తాతగారే పట్టాదారు. సెక్షన్ 11 నోటిఫికేషన్ పడ్డాక ఆ భూమి మీద అమ్మకాలు, తనఖాలు చేయకూడదు, కాబట్టి భాగపంపకాల రిజిస్ట్రేషన్ ఏదన్నా ఉంటే దానికి ముందే కానిచ్చుకోవాలి. అయితే అదే సెక్షన్‌లో ఐదో క్లాజ్ ఒకటుంది, నోటిఫికేషన్ తర్వాత రెండు నెలల్లో కలెక్టర్ భూమి రికార్డులన్నీ అప్‌డేట్ చేయించాలి అని. చనిపోయినవాళ్ల పేర్లు తీసి వారసుల పేర్లు ఎక్కించమని అడగటానికి ఆ క్లాజ్ రాసి అర్జీ పెట్టండి, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేసి. ఆడపడుచుల పేర్లు దాచకండి, దయచేసి. వాళ్ల వాటా వాళ్లకి న్యాయంగా ఉంది, పైగా దాచితే రేపు ఒక్క అభ్యంతరం పిటిషన్ పడితే చాలు మొత్తం డబ్బు భూసేకరణ తగాదాలు తేల్చే అథారిటీలో డిపాజిట్ అయిపోద్ది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కోర్టు మెట్ల దగ్గర కలుసుకోవాల్సి వస్తది.

డీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములున్నవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది గవర్నమెంటు ఇచ్చిన భూమే కదా, మీకు పరిహారం ఏంటి అని ఎవరన్నా అంటే నమ్మి వెనక్కి రాకండి. 2004లోనే ఉమ్మడి ఏపీ హైకోర్టులో ఏడుగురు జడ్జిల బెంచ్, అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ కట్టి ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాపీ ఒకటి లాయర్ దగ్గర తీసుకుని అర్జీకి జత చేయండి. సాగులో ఎవరున్నారు అన్నది ఇక్కడ చాలా ముఖ్యం కాబట్టి అడంగల్, ఈ-క్రాప్ (పంట నమోదు), శిస్తు రసీదులు ఏవున్నా పోగేయండి. ఈ భూములు ఎక్కువ దళిత కుటుంబాల చేతిలో ఉన్నాయి, పుకార్లు పుట్టించి ముందే చవగ్గా రాయించుకునేవాళ్లు కూడా వీళ్ల ఇళ్ల చుట్టూనే తిరుగుతారు.

అభ్యంతరం ఎలా రాయాలి

ఊరందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మంచిదే కానీ అది సరిపోదు, ఎవరి సర్వే నంబరు మీద వాళ్లు విడిగా కూడా ఇవ్వాలి. మా భూమి ఇవ్వం అని ఒక్క ముక్క రాస్తే దాన్ని తిరస్కరిస్తూ వాళ్లూ ఒక్క ముక్కే రాస్తారు. పొలం ఎలా చీలిపోతుంది, పంట బోదె ఎక్కడ తెగుద్ది, మురుగు కాలవ ఎటు పోవాలి, అవతల పడిన చెక్కకి ట్రాక్టర్ ఏ దారిన పోవాలి, ఇవన్నీ కొలతలతో రాయండి. డెల్టాలో రోడ్డు కట్ట అడ్డం వేస్తే పై పొలానికి నీళ్లు నిలిచిపోతాయి, కింద పొలానికి నీళ్లు అందవు, ఇది మనకి తెలిసినంత డిజైన్ గీసేవాళ్లకి తెలియదు. తూము ఎక్కడ కావాలి, అండర్‌పాస్ ఎక్కడ కావాలి, సర్వీస్ రోడ్డు ఎందాక కావాలి అన్నది ఈ టైమ్‌లో అడిగితేనే ఫైల్లో ఉంటది, రోడ్డు పోసేశాక అడిగితే ఎస్టిమేట్ లేదంటారు.

నిజానికి భూమి పోని రైతులు కూడా ఇక్కడ ముందుకి రావాలి. మన సెంటు కూడా పోలేదు కదా అనుకుంటారు, తీరా మొదటి వానకి చేను చెరువవుద్ది.

కాగితం ఇచ్చిన చోట కచ్చితంగా అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, స్టాంపు, తేదీ, సంతకం. మేం తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు, అందినట్టు రుజువు భద్రం చేయండి. సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి నంబరు తీసుకోండి. నోటితో చెప్పింది ఏదీ ఫైల్లోకి ఎక్కదు, ఎంత మంచి ఆఫీసరైనా సరే, ఆయన బదిలీ అయిపోతే ఆ మాట కూడా ఆయనతోనే పోద్ది.

కొలతల రోజు

జాయింట్ మెజర్‌మెంట్ అంటారు, సర్వేయర్, వీఆర్వో, ప్రాజెక్టు వాళ్ల మనిషి వస్తారు. ఆ రోజు పెళ్లి ఉన్నా, ఊరెళ్లాల్సి ఉన్నా ఇంట్లో ఒకళ్లు పొలంలో ఉండాల్సిందే. ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్తా. తాడేపల్లి వైపు ఒక అరటి తోటలో కొలతలు జరుగుతుంటే నేనున్నా, వచ్చినవాళ్లు కంటికి కనపడేవి బాగానే రాసుకున్నారు, బోరు ఒకటి, మోటారు రేకుల గది ఒకటి, కొబ్బరి చెట్లు గట్టు వెంబడి. ఇంటావిడ మాత్రం కొంగు నడుముకి దోపి వాళ్ల వెనకాలే నడుస్తా, ఇక్కడ కింద పైపులైను ఉందండీ అని చెప్పి పార తెప్పించి రెండు చోట్ల తవ్వించి పైపు చూపించింది. అప్పుడు రాశారు. ఆవిడ చెప్పకపోతే బోరు దగ్గర నుంచి తోట చివరి దాకా భూమిలో ఉన్న పైపులైనుకి ఒక్క రూపాయి కూడా కట్టేవాళ్లు కాదు, ఎందుకంటే పైకి కనపడదు కదా.

అందుకని ముందు రోజే ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకోండి. చెట్లు ఏ రకం, ఎన్ని, వయసు ఎంత, కాపులో ఉన్నాయా. టేకు అయితే చుట్టుకొలత. బోరు లోతు, మోటారు హార్స్‌పవర్, కరెంటు సర్వీసు నంబరు. డ్రిప్పు, ఫెన్సింగు, రాతి కూసాలు, పశువుల పాక, ఎరువుల గది, కళ్లం మీద వేసిన సిమెంటు గచ్చు. మల్లె తోటలు, కూరగాయల పందిళ్లు కూడా. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు, వీడియో తీయండి. 2013 చట్టంలో సెక్షన్ 29 ప్రకారం కట్టడాలకి ఇంజనీరు, చెట్లకి ఉద్యాన, వ్యవసాయ నిపుణుల చేత కలెక్టర్ విలువ కట్టించవచ్చు, అలా చేయించమని అడగండి. పంచనామా మీద సంతకం పెట్టేముందు చదవండి, ఏదన్నా వదిలేసి ఉంటే ఇవి రాయలేదు అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి, కాపీ అడగండి, ఇవ్వకపోతే ఫొటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా పెట్టొద్దు.

ఇంటిలో సగం పోయి సగం మిగిలితే ఏం చేస్తాం అనుకునేవాళ్లకి సెక్షన్ 94 ఉంది, కొంత భాగం కాదు మొత్తం తీసుకోండి అని అడిగే హక్కు అది. అవార్డు రాకముందే రాతపూర్వకంగా అడగాలి.

డబ్బు లెక్క

సెక్షన్ 26 ప్రకారం మార్కెట్ విలువకి ప్రధానంగా రెండు లెక్కలు చూస్తారు. ఒకటి రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన విలువ. రెండోది దగ్గర్లో అలాంటి భూములకి నోటిఫికేషన్‌కి ముందు మూడేళ్లలో అయిన అమ్మకాల దస్తావేజులు తీసుకుని, అందులో రేటు ఎక్కువున్న సగం దస్తావేజుల సరాసరి. ఇరవై దస్తావేజులుంటే పై పదింటి సరాసరి అన్నమాట. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. మన దగ్గర బాధేంటంటే అందరం తక్కువకి రిజిస్టర్ చేయించుకుని మిగతాది చేతిలో ఇచ్చిపుచ్చుకున్నవాళ్లమే, దాంతో కాగితం మీద ఊరి రేటే పడిపోయి ఉంటది. అయినా ఎవరో ఒకరు బ్యాంకు లోను కోసమో, బయట దేశం డబ్బుతోనో అసలు రేటుకి రాయించుకున్న దస్తావేజులు ఉంటాయి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వాటి సర్టిఫైడ్ కాపీలు తీయించి మీ అభ్యంతరంతో కలిపి ఇవ్వండి. ఊరి కుర్రాళ్లు నలుగురు కూర్చుంటే అయ్యే పని ఇది, ఊరందరికీ పనికొస్తది. పక్క ప్రాజెక్టులో అంత ఇచ్చారు అని పాత అవార్డు కాగితం పట్టుకెళ్లే పనైతే వద్దు, ముందు జరిగిన సేకరణలో ఇచ్చిన రేటుని ఈ లెక్కలోకి తీసుకోకూడదని చట్టమే చెప్తుంది.

వచ్చిన విలువని గుణకంతో హెచ్చిస్తారు, పట్టణంలో ఒకటి, పల్లెల్లో ఒకటి నుంచి రెండు మధ్యలో రాష్ట్రం పెట్టింది. దానికి చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి అంతే మొత్తం సొలేషియం, అంటే ఇష్టం లేకపోయినా భూమి తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము. ఉదాహరణకి ఎకరం విలువ 40 లక్షలు, గుణకం 1.25 అనుకుందాం, 50 లక్షలు అవుద్ది, చెట్లు బోరు కలిపి 4 లక్షలు, మొత్తం 54, సొలేషియంతో 1 కోటి 8 లక్షలు. ఇది కాక మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం, సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా లేదా స్వాధీనం దాకా, ఏది ముందైతే అది. చూశారా, 4 లక్షల చెట్లు రాయించుకుంటే చేతికొచ్చేది 8. అందుకే కొలతల రోజు గురించి అంత చెప్పింది. హైవే చట్టం కింద తీసుకున్నా 2015 నుంచి పరిహారం లెక్క ఈ 2013 చట్టం ప్రకారమే వేయాలి, సొలేషియం లేదంటే ఒప్పుకోవద్దు.

2013 చట్టం కింద ఇచ్చే అవార్డు డబ్బు మీద సెక్షన్ 96 ప్రకారం ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, 2016లో ట్యాక్స్ బోర్డు సర్క్యులర్ కూడా ఇచ్చింది. టీడీఎస్ కోసినట్టు కనపడితే ఆడిటర్‌కి చూపించండి.

కౌలు రైతులు, కూలీలు

ఇది చాలామంది పట్టించుకోని సంగతి, నాకు మాత్రం అన్నిటికంటే బాధగా ఉండేది ఇదే. కృష్ణా గుంటూరు డెల్టాలో దున్నేది ఎక్కువ కౌలు రైతులే, పొలం పోతే ఓనరుకి డబ్బొస్తది, కౌలుదారుకి, కలుపు తీసే ఆడవాళ్లకి, మిరపకాయలు కోసే ముఠాకి ఏమొస్తది? చట్టంలో వాళ్లున్నారు. సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పని చేసి బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవాళ్లు కూడా బాధిత కుటుంబాలే. రెండో షెడ్యూల్లో ఉద్యోగం ఇవ్వడం, లేదా 5 లక్షలు ఒకేసారి, లేదా నెలకి 2 వేల చొప్పున 20 ఏళ్లు అనే ఎంపిక ఉంది. ఇల్లు పోయి కదిలిపోవాల్సిన కుటుంబాలకైతే ఇల్లు, ఏడాది పాటు నెలకి 3 వేలు, సామాన్ల రవాణాకి 50 వేలు ఉన్నాయి.

కాకపోతే ఈ లిస్టులో పేరు ఎక్కాలంటే పునరావాస సర్వే రోజు ఊళ్లో ఉండాలి, ఏదో ఒక రుజువు ఉండాలి. కౌలుదారుకి సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డు, ఈ-క్రాప్ లో పేరు, ఎరువుల కొట్టు చీటీలు, మిర్చి యార్డులో అమ్మిన పట్టీలు. కూలీలకి ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, ముఠా మేస్త్రి పుస్తకం. ఓనర్లకి నా విన్నపం, సీసీఆర్సీ మీద సంతకం పెడితే భూమి పోద్దని భయపడకండి, ఆ కార్డు పదకొండు నెలలకే, దాంతో యాజమాన్యం మారదు. మీ డబ్బులో ఒక్క పైసా తగ్గదు, మీ పొలం దున్నిన మనిషికి ఆయన హక్కు ఆయనకొస్తది.

టౌనులో షాపులు

రోడ్డు వెడల్పు పనుల్లో కార్పొరేషన్ వాళ్లు ఎక్కువ టీడీఆర్ బాండ్లు తీసుకోమంటారు. గుంటూరులో శంకర్‌విలాస్ దగ్గర కొత్త బ్రిడ్జి పని మొదలయ్యాక ఈ మాట అందరికీ తెలిసింది. టీడీఆర్ అంటే డబ్బు కాదు, ఇంకో చోట ఎక్కువ కట్టుకునే హక్కు, బిల్డర్ కొంటేనే రూపాయి అవుద్ది, అప్పటి మార్కెట్‌ని బట్టి. అవసరం డబ్బైతే డబ్బే కావాలని రాసివ్వండి, కూలగొట్టేముందే. అద్దెకున్న వ్యాపారులు ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లులు దగ్గర పెట్టుకోండి, ఓనరు ఎప్పుడూ మన తరఫున మాట్లాడడు.

పూలింగ్ అంటే

అమరావతిలో 2015లో దాదాపు 34 వేల ఎకరాలు ఇలాగే వచ్చాయి. ఎకరం మెట్టకి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకి, అంటే ఏటి పక్క ఏడాదంతా పండే భూమికి, వెయ్యి, 450. ప్రభుత్వం రైతుకిచ్చే కౌలు మెట్టకి ఏడాదికి 30 వేలు, జరీబుకి 50 వేలు, పదేళ్లు. 9.3 ఫారం అంటే అంగీకారం, 9.14 అంటే ఒప్పందం. తర్వాత జరిగింది మన కళ్ల ముందే ఉంది, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, మళ్లీ 2024 తర్వాత పనులు. పెనుమాక, ఉండవల్లి వైపు చాలామంది ఇవ్వమన్నారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఇచ్చినవాళ్లూ తప్పు చేయలేదు, కానీ ప్లాటు అభివృద్ధి చేసి ఇచ్చే తేదీ, ఇవ్వకపోతే ఏంటి అన్నది కాగితంలో గట్టిగా ఉండాలి అని ఈ పదేళ్లు చూపించాయి. ఎవరన్నా ఇప్పుడు పూలింగ్ కాగితం తెస్తే ఆ క్లాజులే ముందు వెతకండి, కౌలు ఎన్నేళ్లు, ప్లాటు ఎక్కడ, లాటరీ ఎలా, అప్పటిదాకా మీ చేతిలో ఏ పత్రం ఉంటది. ఇష్టం లేకపోతే ఇవ్వకుండా ఉండొచ్చు, అప్పుడు వాళ్లు సేకరణ చట్టం కిందే రావాలి.

అవార్డు వచ్చాక

చెక్కు లేదా బ్యాంకులో జమ తీసుకునేటప్పుడు ఒక్క ముక్క మర్చిపోవద్దు, తక్కువ ఇచ్చారనిపిస్తే సంతకం పక్కన అండర్ ప్రొటెస్ట్ అని, లేదా తెలుగులో అభ్యంతరంతో తీసుకుంటున్నాను అని రాయండి. అది రాయకుండా తీసుకుంటే సెక్షన్ 77 ప్రకారం తర్వాత ఎక్కువ అడిగే దారి మూసుకుపోద్ది. డబ్బు తీసుకోకుండా పంతం పట్టక్కర్లేదు, తీసుకుని కూడా పోరాడొచ్చు.

తర్వాత సెక్షన్ 64 కింద అథారిటీకి పంపమని కలెక్టర్‌కి దరఖాస్తు, అవార్డు రోజు మీరు హాజరై ఉంటే ఆరు వారాల్లో పెట్టాలి. లాయర్ని వెతుక్కోవడానికే నెల పోద్ది, కాబట్టి అవార్డు ఎంక్వైరీ రోజుకే లాయర్ని మాట్లాడి ఉంచుకోండి. హైవే అయితే ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి. గడువు తప్పిపోయినవాళ్లకి ఒక దారుంది, సెక్షన్ 73, అదే నోటిఫికేషన్‌లో మీ పక్క రైతుకి అథారిటీ పెంచి ఇస్తే ఆ తీర్పు తేదీ నుంచి మూడు నెలల్లో మాకూ అంతే ఇవ్వండి అని అడగొచ్చు. అందుకే ఊళ్లో ఎవరి కేసు ఎక్కడుందో ఒకరికొకరు చెప్పుకుంటా ఉండాలి.

2013 చట్టం కింద అయితే డబ్బు ఇవ్వకుండా మిషన్లు దింపకూడదు, సెక్షన్ 38 ఉంది. చేతికొచ్చిన పంట ఉంటే కోతకి టైమ్ ఇవ్వమని రాసివ్వండి, పంట ఫొటోలతో.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి వాళ్ల పేరు కూడా పట్టాలో ఉంటే, అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) తెప్పించి ఇక్కడ స్టాంపింగ్ చేయించాలి. దానికి చాలా టైమ్ పడుద్ది, అవార్డు డేటు చెప్పాక మొదలుపెడితే అందదు, నోటీసు చూసిన రాత్రే ఫోన్ చేసి చెప్పండి.